స్ట్రోక్ తర్వాత మళ్ళీ పుస్తకం పట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు స్ట్రోక్ వచ్చి తేరుకున్నానని తెలిసినవాళ్ళు, వాళ్ళ ద్వారా ఇంకొందరు, చెన్నై నలుమూలల నుంచీ ఫోన్ చేస్తుంటారు. నడక గురించి, చెయ్యి గురించి చెప్పడానికి ఫిజియోథెరపిస్టు ఉంటాడు. చదవడం గురించి అడగాలంటే మనిషి దొరకడు. "ప్రాణం దక్కింది చాలు, ఇప్పుడు పుస్తకాలెందుకు" అనేస్తారు. పుస్తకం లేకపోతే పొద్దుపోనివాళ్ళకు ఆ మాట ఎంత కష్టంగా ఉంటుందో అన్నవాళ్ళకు తెలీదు.

అడిగే సందేహాలు మాత్రం ఇంటింటికీ దాదాపు అవే కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. నేను డాక్టర్ని కాను, రిటైరైన తెలుగు టీచర్ని. మందుల విషయంలో మీ న్యూరాలజిస్టు మాటే ఫైనల్. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## ఆస్పత్రిలో, డిశ్చార్జి అయిన కొత్తలో

"నాన్న పేపరు పట్టుకుని చూస్తూ కూర్చుంటున్నారు గానీ చదవట్లేదు. చదువు పూర్తిగా పోయినట్టేనా?"

అప్పుడే అలా అనుకోవద్దు. చదివేటప్పుడు మెదడు ఒకేసారి చాలా పనులు చేస్తుంది. వాటిలో ఏది దెబ్బతిన్నా బయటికి కనిపించేది ఒకటే: పేపరు పట్టుకుని ఊరికే కూర్చోవడం. చూపులో ఒక పక్క సగం పోయి ఉండొచ్చు. చూపు బాగానే ఉండి అక్షరాలు ఆనవాలు పట్టలేకపోవచ్చు. అక్షరాలు తెలుస్తున్నా మాటకు అర్థం తట్టకపోవచ్చు. మెదడులో భాష దెబ్బతినే అఫేజియాలో ఇది మామూలే, అలాంటప్పుడు మాట్లాడటంలో కూడా తడబాటు ఉంటుంది. అన్నీ బాగుండి కూడా, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు జారిపోవచ్చు. లేదా ఒట్టి నీరసం కావచ్చు.

ఒక్కోదానికి చేయాల్సింది ఒక్కోలా ఉంటుంది. అందుకని డిశ్చార్జికి ముందే "చదవడంలో ఏది దెబ్బతింది?" అని డాక్టర్ని సూటిగా అడగండి. స్పీచ్ థెరపిస్టుకు రాయించుకోండి. స్పీచ్ థెరపీ అంటే మాట రానివాళ్ళకే అనుకుని, మాట బాగున్నవాళ్ళను చాలా ఇళ్ళలో పంపరు. చదవడం, రాయడం కూడా వాళ్ళ పనే.

"మామగారు చక్కగా రాస్తున్నారు. తను రాసింది తనే చదవలేకపోతున్నారు. కావాలని చేస్తున్నారా?"

కావాలని కాదు. వినడానికి వింతగా ఉన్నా ఇది డాక్టర్లకు పాత సంగతే. 1892లో డెజెరీన్ అనే ఫ్రెంచి న్యూరాలజిస్టు సరిగ్గా ఇలాంటి పేషెంటు గురించి వివరంగా రాశాడు. దీన్ని ప్యూర్ అలెక్సియా అంటారు. మెదడు వెనకభాగంలో, ఎక్కువగా ఎడమవైపు దెబ్బ తగిలి, కంటికి కనిపించిన అక్షరం భాష ఉండే చోటికి చేరే దారి తెగిపోతుంది. చేత్తో రాసే దారి వేరు కాబట్టి రాత మిగులుతుంది.

ఇలాంటివాళ్ళకు దిద్దడం బాగా పనికొస్తుంది. నేను థెరపీకి వెళ్ళే చోట ఒకాయన అట్ట మీద పెద్దగా రాసిన 'క'ను ఎంతసేపు చూసినా ఏమీ చెప్పలేకపోయేవారు. అదే అక్షరం మీద చూపుడువేలు తలకట్టు నుంచి కింది సున్నా దాకా పోనిస్తే, వేలు ఆగేలోపే "క" అనేసేవారు. వేలితో తెలిసింది కంటితో తెలిసేది కాదు. మీరు కూడా అక్షరాలు పెద్దగా రాసి దిద్దించండి, లేదా ఆయన అరచేతిలో మీ వేలితో రాయండి. మొదట్లో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు, ఒక మాటకు అరనిమిషం పట్టొచ్చు. పట్టనివ్వండి.

"కళ్ళజోడు మారిస్తే సరిపోతుందా?"

చాలాసార్లు సరిపోదు. స్ట్రోక్‌లో దెబ్బ తగిలేది కంటికి కాదు, కంటి నుంచి వచ్చినదాన్ని చూసే మెదడుకు. రెండు కళ్ళలోనూ ఒకే పక్క సగం చూపు పోవడాన్ని హెమియానోపియా అంటారు. ఏ అద్దాలూ దాన్ని తిరిగి తేలేవు. మామూలు కళ్ళజోడు షాపులో అక్షరాల చార్టు చూపిస్తే అన్నీ చదివేసి "చూపు బాగుంది" అనిపించుకుని వచ్చేయొచ్చు. కావలసింది చూపు ఎంత మేర పరుచుకుని ఉందో కొలిచే విజువల్ ఫీల్డ్ టెస్ట్. చెన్నైలో శంకర నేత్రాలయ లాంటి పెద్ద కంటి ఆస్పత్రుల్లో న్యూరో ఆఫ్తాల్మాలజీ విభాగం ఉంటుంది, అక్కడ చేస్తారు. ఒకటి రెండుగా కనిపిస్తుంటే అదీ చెప్పండి, దానికి ప్రిజం అద్దాలు ఉపయోగపడొచ్చు. సగం చూపు పోయినవాళ్ళు డాక్టరు చెప్పేదాకా బండి తాళాలు ముట్టుకోకూడదు.

"ఎన్ని నెలల్లో మళ్ళీ చదువుతారు?"

తేదీ ఎవరూ చెప్పలేరు. మొదటి మూడు నెలల్లో మెరుగు వేగంగా ఉంటుంది, ఆరు నెలల దాకా బాగానే సాగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడమంటే ఆగిపోవడం కాదు.

"నిన్నటిదాకా హెడ్డింగులు చదివారు. ఇవాళ పొద్దున హఠాత్తుగా అక్షరాలు తెలియట్లేదంటున్నారు. రెస్టు తీసుకుంటే సర్దుకుంటుందా?"

వెంటనే 108కి ఫోన్ చేయండి. హఠాత్తుగా చదవలేకపోవడం, చూపు తగ్గడం, మాట తడబడటం, మూతి వంకరపోవడం, చెయ్యి వాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా మరో స్ట్రోక్ కావచ్చు. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి.

## ఇంటికొచ్చాక, మొదటి నెలల్లో

"అమ్మ లైను మొదట్లో మాటలు వదిలేసి మధ్యలోంచి చదువుతోంది. అక్షరాలన్నీ వచ్చు. ఎందుకిలా?"

'విశాఖపట్నం' అని ఉంటే 'పట్నం' అని చదువుతోందా? పళ్ళెంలో ఎడమవైపు కూర అలాగే వదిలేస్తోందా? అయితే ఎడమ పక్క ఒకటుందన్న ధ్యాసే మెదడులో తగ్గి ఉండొచ్చు. దీన్ని నెగ్లెక్ట్ అంటారు, ఎక్కువగా కుడివైపు మెదడులో స్ట్రోక్ వచ్చినవాళ్ళకు ఉంటుంది. చిక్కేమిటంటే, వదిలేస్తున్నానని వాళ్ళకే తెలీదు. "సరిగ్గా చూడమ్మా" అంటే "చూస్తున్నానుగా" అని కోప్పడతారు, వాళ్ళ వరకు అది నిజమే.

పేజీ ఎడమ అంచున పైనుంచి కిందకు ఎర్ర టేపు అంటించండి. ప్రతి లైనుకూ ముందు ఎర్ర గీత కనబడేదాకా తల తిప్పి, ఆ తర్వాతే చదవాలన్నది ఒక్కటే రూలు. ఎడమ చేతి వేలు ఆ గీత మీదే ఉంచగలిగితే ఇంకా మంచిది. చదివే లైను కింద స్కేలు పెడితే ఒక లైనులోంచి ఇంకో లైనులోకి జారిపోరు.

ధ్యాస బాగుండి, ఎడమ సగం చూపు మాత్రమే పోయినవాళ్ళకూ లైను మొదలు దొరకడం కష్టమే. కానీ తమ ఇబ్బంది వాళ్ళకు తెలుస్తుంది కాబట్టి గీత అలవాటు త్వరగా పట్టుబడుతుంది.

"మావారు టీవీలో కింద పరిగెత్తే వార్తలు చదువుతున్నారు, పేపరు మాత్రం చదవలేరు. ఇదెలా సాధ్యం?"

కుడి సగం చూపు పోయినవాళ్ళలో ఇది ఉంటుంది. నాకూ అదే. మనం తెలుగు చదివేటప్పుడు కన్ను ఎడమ నుంచి కుడికి చిన్న చిన్న గెంతులు వేస్తుంది. రాబోయే మాట కుడి పక్క ముందే లీలగా కనిపిస్తేనే ఎక్కడికి గెంతాలో దానికి తెలుస్తుంది. ఆ పక్కే చీకటైతే ప్రతి గెంతూ గుడ్డిగానే. 'రామచంద్రాపురం'లో 'రామ' దగ్గరే ఆగిపోయి, మిగతాది ఊహించేస్తారు. స్క్రోలింగులో అక్షరాలే కుడి నుంచి కదిలి చూపు ఉన్న పక్కకు వస్తాయి, కన్ను వెతుక్కోనక్కర్లేదు.

దీన్నే ఆధారం చేసుకుని లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీవాళ్ళు రీడ్-రైట్ అనే ఉచిత వెబ్ అభ్యాసం తయారుచేశారు. ఇంగ్లీషు చదివేవాళ్ళు నేరుగా వాడుకోవచ్చు. తెలుగుకైతే, ఫోన్‌లో అక్షరాలు బోర్డులా పరిగెత్తించే స్క్రోలర్ యాప్‌లు ఉంటాయి. వాటిలో తెలుగు టైపు చేసి వేగం బాగా తగ్గించుకోండి. న్యూస్ ఛానెల్ స్క్రోలింగు అభ్యాసానికి మరీ స్పీడు, పైగా ఆ వార్తలకు బీపీ పెరుగుతుంది.

"ఇంట్లో తెలుగు, బయట తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. ముందు ఏ భాషలో చదివించాలి?"

చెన్నై తెలుగువాళ్ళందరి ప్రశ్న ఇది. చిన్నప్పుడు నేర్చిన భాష ముందు తిరిగొస్తుందని ఫ్రాన్సులో రిబో అనే మనస్తత్వవేత్త అన్నాడు. స్ట్రోక్‌కు ముందు ఎక్కువ వాడిన భాష ముందొస్తుందని 1895లో పీత్ర్ అనే ఫ్రెంచి డాక్టరు అన్నాడు. రెండు రకాలవాళ్ళూ కనిపిస్తారు, అన్ని భాషలూ కలిసి మెరుగయ్యేవాళ్ళు కూడా చాలామంది. మాట్లాడే భాష, చదివే భాష వేరువేరుగా ఉండటం ఇక్కడ ఇంకో మెలిక. ఇంట్లో తెలుగే మాట్లాడినా బడిలో తమిళ మీడియం చదివినవాళ్ళకు తెలుగు లిపి అసలే అంతంతమాత్రం. అలాంటివాళ్ళకు తెలుగు వాచకం ఇచ్చి "అన్నీ మర్చిపోయింది" అని దిగులుపడటం అన్యాయం.

స్ట్రోక్‌కు ముందు సరదాకి ఏ భాషలో చదివేవారో దాంతోనే మొదలుపెట్టండి. థెరపిస్టుకు తెలుగు రాకపోతే మీరు పక్కన కూర్చోండి, ఇంట్లో మాటలు పెద్దక్షరాలతో కాగితాల మీద రాసి తీసుకెళ్ళండి. పద్ధతి ఆమె చెప్తుంది, భాష మీరు అందించాలి.

"ఒకటో తరగతి వాచకం తెచ్చాం. పెదనాన్న రిటైర్డ్ హెడ్మాస్టరు, విసిరికొట్టారు."

నేనైనా విసిరికొట్టేదాన్నే. అక్షరం తెలియకపోవడం వేరు, బుద్ధి లేకపోవడం వేరు. ఆయన మెదడులో నలభై ఏళ్ళ సర్వీసు అలాగే ఉంది, దానికి 'అల, వల, తల' ఇస్తే అవమానమే.

పెద్దవాళ్ళ జీవితంలో చిన్న చిన్న అచ్చు కాగితాలు బోలెడుంటాయి. పెళ్ళి శుభలేఖ తీసుకోండి. ఎక్కడ ఏముంటుందో ముందే తెలుసు, పేర్లు తెలిసినవే, సగం మాటలు ఊహకే అందుతాయి. పంచాంగంలో ఇవాళ్టి పేజీ, కిరాణా చీటీ, గుడి కరపత్రం, టాబ్లెట్ల డబ్బా మీద మీరు రాసిన 'ఉదయం', 'రాత్రి', ఇవన్నీ చదువే. నోటికొచ్చిన శతక పద్యం ఎదురుగా పెట్టి, ఒక్కో మాటను వేలితో చూపిస్తూ చదివించడం కూడా మంచిదే. అయితే జ్ఞాపకంతో గడగడా చెప్పేస్తుంటే, మధ్యలోంచి ఒక మాట చూపించి "ఇదేమిటి?" అని అడిగినప్పుడు చెప్పగలిగితే తప్ప చదివినట్టు లెక్క కాదు.

"అరపేజీకే తల వాల్చేస్తున్నారు. బద్ధకమా?"

స్ట్రోక్ తర్వాత వచ్చే అలసట బద్ధకం కాదు, నిద్రపోయినా పూర్తిగా తీరదు. పొద్దున టిఫిన్ అయ్యాక, తల తేటగా ఉన్నప్పుడు చదివించండి. ఫిజియోథెరపీ అయిన వెంటనే వద్దు. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, అలసిపోయాక కాకుండా ఇంకా కొంచెం ఓపిక ఉండగానే ఆపేయాలి. టీవీ కట్టేయండి. అలసట మరీ ఎక్కువగా ఉంటే రక్తహీనత, థైరాయిడ్, నిద్రలో గురక, వాడే మాత్రలు, ఇవన్నీ ఒకసారి చూడమని డాక్టర్ని అడగండి.

"అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలి? పుస్తకం ఒంటిచేత్తో ఎలా పట్టుకోవాలి?"

అక్షరం సైజు ఎంత ముఖ్యమో లైనుకీ లైనుకీ మధ్య ఖాళీ అంత ముఖ్యం. ఇంగ్లీషుకు చెప్పే లెక్క మనకు చాలదు. మన ఒత్తులు కిందకు వేలాడతాయి, పై లైను ఒత్తు కింది లైను గుడిదీర్ఘానికి తగిలితే మంచి చూపున్నవాడికే చిరాకు. కంప్యూటర్లో అయితే 18 పాయింట్లు, లైన్ల మధ్య రెట్టింపు ఖాళీ పెట్టి ప్రింటు తీయండి. చిన్నక్షరాల పుస్తకమైతే జిరాక్స్ షాపులో ఏ4 పేజీని ఏ3కి పెంచమంటే 141 శాతం అవుతుంది. ప, వ, న లాంటివి, ద, ధ, థ లాంటివి కలగాపులగమవుతుంటే సైజు పెంచగానే కొంత తేడా తెలుస్తుంది. మెరిసే కాగితం వద్దు.

పట్టుకోవడానికి మన పాత వ్యాసపీఠాన్ని మించింది లేదు. మైలాపూర్ కపాలీశ్వరర్ గుడి వీధుల్లో పూజాసామగ్రి కొట్లలో అడిగి చూడండి. పేజీ మూసుకుపోకుండా రెండు పక్కలా క్లిప్పులు పెడితే ఒక చెయ్యి చాలు.

## మళ్ళీ పుస్తకం తెరిచాక

"ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?"

ఇదివరకు చదివి ఇష్టపడ్డ పుస్తకంతో. కథ తెలుసు కాబట్టి మెదడు బరువంతా అక్షరాల మీదే పెట్టొచ్చు. నవల మొత్తం వద్దు, నచ్చిన ఘట్టం ఒక్కటి చాలు. ఆ తర్వాత చిన్న కథలు, ఒకటి రెండు పేజీలవి, పాత్రలు తక్కువ ఉన్నవి. 1947లో ఈ ఊళ్ళోనే పుట్టిన చందమామ పాత సంచికలు ఇంట్లో ఉంటే అటక మీంచి దించండి. పిల్లల పత్రికే అయినా పెద్దలు దాన్ని చిన్నతనంగా అనుకోరు. వాక్యాలు పొట్టిగా ఉంటాయి, ప్రతి పేజీలో బొమ్మ ఏం జరుగుతోందో చెప్తుంది. "నీకు మంచిదని" తెచ్చే ఆరోగ్య పుస్తకాలు, వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు మాత్రం కొన్నాళ్ళు పక్కన పెట్టండి. స్ట్రోక్ వచ్చిన మనిషికి స్ట్రోక్ గురించి చదవాలని అంత సరదా ఏమీ ఉండదు.

"ఆడియో వింటే చదివినట్టేనా? అలవాటైపోతే ఇక చదవరేమో అని భయం."

కథ కోసం అయితే వినండి, నిస్సంకోచంగా. దాసుభాషితం లాంటి తెలుగు ఆడియో యాప్‌లు ఉన్నాయి, యూట్యూబ్‌లో కథలు చదివేవాళ్ళు ఉన్నారు. విన్నంత మాత్రాన చదవడం పాడవదు, కథల మీద ఆకలి మిగిలి ఉంటుంది. అది చచ్చిపోతే ఏ థెరపీ పనిచేయదని నా నమ్మకం.

అభ్యాసం కోసం అయితే వింటూ అదే పేజీ మీద కన్ను ఉంచాలి. ఇంకా మంచిది ఇద్దరూ కలిసి పైకి చదవడం. థెరపిస్టులు వాడే పద్ధతిని ఇంటికి సరిపోయేలా చెప్తాను. పక్కన కూర్చోండి, ఎదురుగా వద్దు. ముందు మీరొక్కరే వాక్యాన్ని వేలితో చూపిస్తూ చదవండి. తర్వాత అదే వాక్యం ఇద్దరూ కలిసి చదవండి, మీ గొంతు అర క్షణం ముందుండాలి. ఇంకోసారి చదివేటప్పుడు మీ గొంతు తగ్గించండి. చివర్లో ఒక్క మాట చూపించి అదేమిటో అడగండి. ఒకే పేరాను రోజూ చదివి వారం తర్వాత మొదటి రోజుతో పోల్చుకుంటే వేగం తేడా వాళ్ళకే తెలుస్తుంది. అత్తాకోడళ్ళు చేసినా, తాతామనవళ్ళు చేసినా బాగుంటుంది. మొగుడూపెళ్ళాలు చేస్తే మాత్రం మూడో వాక్యానికి పోట్లాట, మా ఇంటి అనుభవం.

"తప్పు చదివితే వెంటనే సరిదిద్దాలా?"

అర్థం చెడకపోతే వదిలేయండి. 'ఇల్లు' అని ఉంటే 'గృహం' అన్నారంటే అర్థం తెలిసిందన్నమాట, సంతోషించండి. ఆగిపోతే మనసులో ఐదు లెక్కపెట్టి అప్పుడు అందించండి. చుట్టాలు వచ్చినప్పుడు "ఏదీ, మామయ్యకు చదివి వినిపించు" అని పరీక్ష పెట్టకండి. ఈ ఒక్కటి మాత్రం ప్రాధేయపడి చెప్తున్నాను.

"చదివింది చదివినట్టే మర్చిపోతున్నాను. పాత్రల పేర్లే గుర్తుండవు."

అట్టముక్క మీద పాత్రల పేర్లు, ఎవరికి ఎవరేమవుతారో రాసుకుని బుక్‌మార్కుగా వాడండి. ఆపేటప్పుడు ఆ పేజీలో ఏం జరిగిందో ఒక్క లైను పెన్సిలుతో రాయండి. రాయలేకపోతే ఫోన్‌లో చెప్పి రికార్డు చేసుకోండి. మర్నాడు అక్కడి నుంచి ఎత్తుకోవచ్చు.

"అక్షరాలు వచ్చేశాయి. కానీ పుస్తకం తెరిస్తే ఏమీ అనిపించట్లేదు, ఒక్కోసారి ఏడుపొస్తోంది."

స్ట్రోక్ వచ్చినవాళ్ళలో మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది. ఇష్టమైన పని మీద ఇష్టం పోవడం దానికి ముఖ్యమైన గుర్తు. దిగులేమీ లేకుండానే ఏడుపో నవ్వో తన్నుకొచ్చి ఆగకపోవడం ఇంకోటి, అది మెదడు దెబ్బ వల్ల వచ్చేదే. రెండింటికీ వైద్యం ఉంది. "ఇంత జరిగాక ఆ మాత్రం బాధ ఉండదా" అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చెప్పండి. మనసు బాగోనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఉంది, ఉచితం.

"ఫోన్‌లో చదవచ్చా?"

చదవచ్చు. అక్షరం పెంచుకోవచ్చు, సన్నటి తెర కాబట్టి లైను పొట్టిగా ఉంటుంది, సగం చూపువాళ్ళకు అది మేలే. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలో 'సెలెక్ట్ టు స్పీక్' ఉంటుంది, తెర మీది తెలుగును పైకి చదువుతుంది. నోటిఫికేషన్లు ఆపేయండి. వాట్సాప్ ఫార్వార్డులు చదవడం చదువు కిందికి వస్తుందా అని కూడా అడుగుతారు. అచ్చుతప్పులు భరించగలిగితే వస్తుంది.

"చెన్నైలో తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? చక్రాల కుర్చీతో వెళ్ళగలమా?"

ఎగ్మూరులో మ్యూజియం ఆవరణలోని కన్నెమరా లైబ్రరీ 1896లో మొదలైంది. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి, అందుకే తెలుగుకూ చోటుంది. కోట్టూర్‌పురంలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయంలో సొంత పుస్తకం తెచ్చుకుని చదువుకునే విభాగం ఉంది. ఇంట్లో ఉక్కపోత, కుక్కర్ విజిళ్ళ మధ్య కుదరనివాళ్ళకు అది హాయి. ఎక్కడికి వెళ్ళినా ర్యాంపు, లిఫ్టు, టాయిలెట్ సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

## ఏళ్ళు గడిచాక

"రెండేళ్ళయింది. ఇంక మెరుగవదని పక్కింటివాళ్ళు అంటున్నారు."

పక్కింటివాళ్ళు న్యూరాలజిస్టులైతే తప్ప పట్టించుకోకండి. ఏళ్ళ తర్వాత థెరపీ మొదలుపెట్టినా చదవడం, మాట్లాడటం మెరుగైనవాళ్ళు ఉన్నారు. మధ్యలో ఆపేసి ఉంటే మళ్ళీ ఒకసారి థెరపిస్టుతో పరీక్ష చేయించుకుని, ఒకే ఒక లక్ష్యం పెట్టుకోండి. "అన్నీ చదవాలి" కాదు, "ఆదివారం అనుబంధంలో కథ ఒకటి సొంతంగా చదవాలి" లాంటిది.

"చదవలేకపోవడానికి వైకల్య ధ్రువపత్రం ఇస్తారా? దాంతో ఏం లాభం?"

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మాట, భాషకు సంబంధించినది ఒకటి. దాని నిర్వచనంలో అఫేజియా పేరు నేరుగానే ఉంది. అది శాశ్వతంగా మిగిలిపోయిందని డాక్టర్లు తేల్చాలి. చూపు పోయినవాళ్ళకు వేరే కొలత. ప్రభుత్వ స్వావలంబన్ వెబ్‌సైటులో యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయొచ్చు. అచ్చుపుస్తకం చదవలేనివాళ్ళ కోసం 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది. అందులో చేరడానికి ధ్రువపత్రం పనికొస్తుంది.

"మావారు ఒకప్పుడు లావుపాటి చరిత్ర పుస్తకాలు చదివేవారు. ఇప్పుడు డిటెక్టివ్ కథలు తప్ప ముట్టుకోవట్లేదు. ఆయన్ని మళ్ళీ వాటిలోకి ఎలా తేవాలి?"

ఆయన అడిగారా? అడగకపోతే తేనక్కర్లేదు. డిటెక్టివ్ కథలో ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నవి గుర్తుపెట్టుకుంటేనే సాగుతుంది, మెదడుకు అదేమీ తక్కువ పని కాదు. ఒకే డిటెక్టివ్‌తో వరసగా వచ్చిన పుస్తకాలు ఏరి తీసుకురండి. మనిషి, అతని అసిస్టెంటు, మాట తీరు ముందే తెలిసినవైతే కొత్త పుస్తకం మొదటి పేజీల్లో ఉండే శ్రమ చాలావరకు తగ్గుతుంది. చరిత్ర మీదికి మళ్ళీ మనసు మళ్ళినరోజు అలమారు ఎక్కడుందో ఆయనకు తెలుసు. ఆ పుస్తకాలను మాత్రం పై అరలోంచి ఆయన చేతికందే ఎత్తుకు మార్చండి.